కేటలాగు పుటలోని కెమెరా: గతం మీది బెంగను విమర్శనాత్మకంగా చదవడం

5.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:

- నాస్టాల్జియా అనే భావన ఎక్కడ పుట్టిందో, దానిలోని రకాలేమిటో వివరించగలుగుతారు.
- అమ్మకపు కేటలాగు పుటను కూడా ఒక రచనగా చదవగలుగుతారు.
- ఒక పాత వస్తువు మీది ప్రేమ ఎవరిని గుర్తుంచుకుంటుందో, ఎవరిని మరిచిపోతుందో పరిశీలించగలుగుతారు.

5.1 ప్రవేశిక

పాత ఫిల్ము కెమెరాలను ఇష్టంగా సేకరించేవారు ఎందరో ఉన్నారు. అమెరికాలో వారిలో కొందరికి కెమెరా ఒక్కటే చాలదు. అది మొదట అమ్ముడైన మెయిల్ ఆర్డర్ కేటలాగు కూడా కావాలి. సియర్స్ రోబక్, మాంట్‌గోమరీ వార్డ్ వంటి సంస్థలు ఇంటింటికీ పంపిన ఆ లావుపాటి పుస్తకాలను తిరగేస్తూ, చిన్నప్పుడు తాము ఏ బొమ్మ దగ్గర ఆగిపోయేవారో, దాని ధర ఎంత ఉండేదో తలచుకుంటారు. ఆనాడు కొనుక్కోలేని కెమెరాను ఈనాడు పాత సామాన్ల అంగడిలో కొని, మీట నొక్కి, ఆ చప్పుడు విని సంతోషిస్తారు.

ఈ ఇష్టాన్ని ఎగతాళి చేయడం తేలిక. అందులో మునిగిపోవడం ఇంకా తేలిక. ఇది దేనిని నిలుపుకొంటోంది, దేనిని వదిలేస్తోంది అని అడగడం విమర్శ పని. కేటలాగు పుట కెమెరాను దాని చుట్టూ ఉన్న మనుషుల నుంచి వేరుచేసి చూపింది. గతం మీది బెంగ ఆ పుటనే నమ్ముకుంటే, పుట వదిలేసిన మనుషులను తానూ వదిలేస్తుంది. ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రతిపాదన ఇదే.

5.2 నాస్టాల్జియా: రోగం పేరు నుంచి విమర్శ పదం దాకా

నాస్టాల్జియా అనే మాట మొదట వైద్యశాస్త్రంలో పుట్టింది. యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి 1688లో తన సిద్ధాంత వ్యాసంలో దానిని కల్పించాడు. ఇంటికి తిరిగి రావడం, నొప్పి అనే అర్థాలున్న రెండు గ్రీకు పదాలను కలిపి, పరాయిచోట ఉంటూ ఊరి మీద దిగులుతో జబ్బుపడేవారి స్థితికి ఆ పేరు పెట్టాడు. తెలుగులో దీనికి చాలా దగ్గరి మాట ‘బెంగ’. బెంగ పెట్టుకున్న పిల్లలు చిక్కిపోతారని మన ఇళ్లలో అంటారు. హోఫర్ చెప్పింది దాదాపు అదే. కాలక్రమంలో ఈ బెంగ ఊరి మీది నుంచి కాలం మీదికి మళ్లింది. ఊరికి తిరిగి వెళ్లవచ్చు, కాలానికి తిరిగి వెళ్లలేం. అందుకే ఈ రెండో బెంగకు వస్తువులు ఆసరా అవుతాయి.

స్వెత్లానా బోయిమ్ 2001లో వెలువరించిన గ్రంథంలో నాస్టాల్జియాను రెండు రకాలుగా విభజించింది. మొదటిది పునరుద్ధరణ కోరేది. పోయినదాన్ని పోయినట్టే మళ్లీ నిలబెట్టాలనుకుంటుంది, తన జ్ఞాపకమే సత్యమని నమ్ముతుంది. రెండవది ఆలోచనతో కూడినది. తిరిగి రాదని తెలిసే తలచుకుంటుంది, తలచుకుంటూ ప్రశ్నిస్తుంది. ఈ విభజన మన చర్చకు పనిముట్టు.

సూసన్ సొంటాగ్ 1977 నాటి గ్రంథంలో ఛాయాచిత్రానికీ గడిచిపోయే కాలానికీ ఉన్న సంబంధాన్ని చర్చించింది. తీసిన మరుక్షణమే ఫొటో గతానికి చెందుతుంది. మన అంశంలో మరో పొర ఉంది. ఇక్కడ బెంగ ఫొటో మీద కాదు, ఫొటో తీసే యంత్రం మీద.

5.3 చారిత్రక నేపథ్యం

ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ 1872లో షికాగో నుంచి ఒకే ఒక కాగితంపై ధరల పట్టిక అచ్చువేసి పల్లె రైతులకు పంపడంతో ఈ వ్యాపారం ఊపందుకుంది. సియర్స్ రోబక్ సంస్థ 1893లో ఆ పేరుతో ఏర్పడింది. పల్లెల్లో ఇంటి దగ్గరికే ఉచితంగా ఉత్తరాలు చేర్చే పద్ధతిని అమెరికా తపాలా శాఖ 1896లో మొదలుపెట్టింది. 1913 జనవరి 1న పార్సిల్ తపాలా వచ్చింది. అంటే ఈ కేటలాగులు వ్యాపారుల తెలివితో మాత్రమే నడవలేదు, ప్రభుత్వ తపాలా వ్యవస్థ మీద ఆధారపడి నడిచాయి. పత్రికలో ప్రకటన చూసి వి.పి.పి. ద్వారా పుస్తకమో మందో తెప్పించుకున్న పాఠకులకు ఈ ఎదురుచూపు తెలిసినదే.

కెమెరాకు తపాలాతో అనుబంధం మొదటి నుంచీ ఉంది. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో అమ్మకానికి పెట్టిన కొడాక్ కెమెరా ధర 25 డాలర్లు. అందులో 100 ఫొటోలకు సరిపడా ఫిల్ము ముందే ఉండేది. అది అయిపోగానే కెమెరాను మొత్తంగా రోచెస్టర్‌లోని కర్మాగారానికి పంపితే, 10 డాలర్లు తీసుకుని ఫొటోలు కడిగి, కొత్త ఫిల్ము నింపి తిప్పి పంపేవారు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమెరా ధర ఒక్క డాలరు. దానితో ఫొటో తీయడం పిల్లల చేతికి కూడా వచ్చింది.

సియర్స్ 1933లో క్రిస్మస్ కోసం ప్రత్యేక కేటలాగు తెచ్చింది. 1968లో దానికి ‘కోరికల పుస్తకం’ అనే అర్థం వచ్చే విష్ బుక్ అన్న పేరు స్థిరపడింది. సంస్థ తన పెద్ద కేటలాగును 1993లో ఆపేసింది. ఈనాటి బెంగ ముఖ్యంగా ఈ చివరి దశకు చెందినవారిది.

5.4 పుటను రచనగా చదవడం

కేటలాగులో కెమెరాల పుటకు ఒక వ్యాకరణం ఉంది. కెమెరా సాధారణంగా తెల్లని నేపథ్యం మీద ఒంటరిగా ఉంటుంది. మనుషుల బొమ్మలున్నా వారు ఎవరి బంధువులూ కాని నమూనా మనుషులు. పక్కన లెన్సు వివరం, షట్టరు వేగాలు, కేటలాగు సంఖ్య, ధర, పార్సిల్ బరువు ఉంటాయి. కెమెరాతోపాటు తోలు సంచి, ఫ్లాషు, ఫిల్ము రీలు కలిపి ఒకే ధరకు ఇచ్చే పద్ధతీ ఉండేది.

ఈ వర్ణనలో క్రియలన్నీ భవిష్యత్తువైపు చూస్తాయి. కొంటే ఏం చేయవచ్చో చెబుతాయి. చదివేవారికి వస్తువు ఇంకా చేతికి రాలేదు. ఆ పుటలో కెమెరాకు గీత పడదు, ఫిల్ము ఇరుక్కోదు, ఫొటో మసకగా రాదు. కాబట్టి పుట పట్ల కలిగే బెంగ వాడిన కెమెరా మీది బెంగ కాదు, వాడకముందు కలిగిన ఆశ మీది బెంగ. పుటను తిరగేసే పాఠకుడు నిజానికి కోరుకునేది తన పన్నెండో ఏటి ఆశను.

ఇందులో తప్పులేదు. కాని పుటనే చరిత్రగా తీసుకుంటే మూడు సంగతులు మరుగున పడతాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1) బోయిమ్ చెప్పిన రెండు రకాల నాస్టాల్జియాకు భేదం ఏమిటి?
2) కేటలాగు పుట పట్ల కలిగే బెంగ, వాడిన కెమెరా పట్ల కలిగే బెంగ ఒకటేనా?

5.5 మరుగున పడిన తయారీదారు

సియర్స్ కెమెరాలను అమెరికా కెమెరాలుగా తలచుకునేవారున్నారు. వాటి మీద ఉన్న పేరు అందుకు కారణం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సియర్స్ అమ్మిన చాలా కెమెరాల మీద ‘టవర్’ అనే సొంత పేరు ఉండేది. వాటిలో కొన్నింటిని చేసింది జపాను కర్మాగారాలు. లైకా నమూనాను అనుసరించిన టవర్ కెమెరాలను నిక్కా సంస్థ తయారుచేసింది. అసాహి సంస్థ 1957లో తెచ్చిన తొలి పెంటాక్స్ కెమెరా సియర్స్ కేటలాగులోకి ‘టవర్ 26’గా వచ్చింది. తరువాతి దశాబ్దాల్లో సియర్స్ ‘కె.ఎస్.’ అక్షరాలతో అమ్మిన కొన్ని కెమెరాలు రీకో సంస్థ చేసినవి.

ఇది మోసమని అనలేం. ఇతరుల సరుకును తన పేరుతో అమ్మడం వ్యాపారంలో మామూలే. కాని పేరు మార్పిడి వెనుక కాలం ఉంది. జపాను 1952 దాకా మిత్రరాజ్యాల ఆక్రమణలో ఉంది. నిన్నటిదాకా శత్రువైన దేశపు సరుకును అమెరికా ఇళ్లలోకి పంపేటప్పుడు, దుకాణం పేరు నమ్మకాన్ని ఇచ్చింది. ఆ కాలంలోనే, 1950లో, లైఫ్ పత్రిక ఛాయాచిత్రకారుడు డేవిడ్ డగ్లస్ డంకన్ జపానులో నిక్కోర్ లెన్సులను పరీక్షించి, వాటితో కొరియా యుద్ధం చిత్రాలు తీశాడు. వాటి నాణ్యత ప్రపంచానికి తెలిసింది ఆ తరువాతే. డంకన్ లెన్సు చేసినవారి పేరును బయటికి తెచ్చాడు. కేటలాగు పుట ఆ పేరును వెనక్కి నెట్టింది. మన జ్ఞాపకం పుటనే అనుసరిస్తే, యుద్ధంలో దెబ్బతిన్న ఒక దేశపు కార్మికుల పనితనం దుకాణం ఖాతాలో పడిపోతుంది.

5.6 మరుగున పడిన కొనుగోలుదారు

కేటలాగు జ్ఞాపకాల్లో తరచు కనిపించే దృశ్యం ఒక తెల్లజాతి మధ్యతరగతి ఇల్లు, క్రిస్మస్ చెట్టు, కార్పెట్ మీద పడుకొని పుటలు తిప్పే పిల్లలు. అది నిజమే, కాని అదొక్కటే నిజం కాదు.

జాతి వివక్ష చట్టబద్ధంగా ఉన్న దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారికి కేటలాగు వేరే అర్థం ఇచ్చిందని చరిత్రకారుడు లూయిస్ హైమన్ చూపించాడు. ఊళ్లోని దుకాణంలో తెల్లవారందరి బేరం అయ్యేదాకా వారు నిలబడాలి. అప్పు ఇవ్వాలా వద్దా, ఏ సరుకు ఇవ్వాలి అన్నది దుకాణదారు ఇష్టం. కేటలాగు ఆర్డరు పత్రం మీ రంగేమిటని అడగదు. అందరికీ అదే ధర, అదే సరుకు. స్థానిక వ్యాపారులు ఊరికే ఉండలేదు. కేటలాగులను పోగుచేసి తగలబెట్టించారు. సియర్స్ యజమానులు నల్లవారని పుకార్లు కూడా పుట్టించారు. దుకాణదారు ఆధిపత్యానికి ఎక్కడ దెబ్బ తగిలిందో ఈ కోపమే చెబుతుంది.

కెమెరా విషయంలో దీనికి మరింత బరువుంది. దక్షిణాన, కెంటకీలో పెరిగిన రచయిత్రి బెల్ హుక్స్ నల్లజాతి జీవితంలో ఛాయాచిత్రం పాత్ర గురించి రాసిన వ్యాసంలో, నల్లజాతి ఇళ్ల గోడలను చిత్రశాలలుగా చూస్తుంది. బయటి ప్రపంచం తమను వికృతంగా చిత్రిస్తున్నప్పుడు, తమను తాము తీసుకున్న ఫొటోలతో నిండిన ఆ గోడలు ఒక జవాబు. కెమెరా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న ఇక్కడ అలంకారం కాదు, ఆత్మగౌరవానికి సంబంధించినది. తపాలా పెట్టెలో వచ్చిన చవక కెమెరాకు నిజమైన గొప్పతనం ఏదైనా ఉంటే, దాన్ని మెరిసే లోహంలో కన్నా ఇక్కడే వెతకాలి. కాని సేకరణకర్తల బెంగ ఈ చోటికి అరుదుగా వస్తుంది.

5.7 ఫిల్ము పట్టని ముఖం

కేటలాగు రంగు అడగలేదు, కాని దానితో వచ్చిన ఫిల్ము అడిగింది. రంగుల ఫొటోలు ముద్రించే ప్రయోగశాలలకు రంగుల తూకం సరిచూసుకోవడానికి కొడాక్ ఒక నమూనా చిత్రం పంపేది. ఆ చిత్రంలో ఉండేది చాలాకాలం పాటు తెల్లజాతి స్త్రీ. దానికి ‘షర్లీ కార్డు’ అన్న పేరు వచ్చింది. లేత మేనిఛాయకు సరిపోయేలా రంగులు సర్దితే, నల్లని మేనిఛాయ ఉన్న ముఖంలో కళ్లూ పళ్లూ తప్ప మిగతా వివరం చీకట్లో కలిసిపోయేది.

ఈ విషయంపై పరిశోధించిన లోర్నా రాత్ ఒక చేదు సంగతిని నమోదు చేసింది. ముదురు గోధుమ రంగులను ఫిల్ము సరిగా పట్టడం లేదని ఒత్తిడి తెచ్చినవారిలో చాకొలెట్ తయారీదారులు, చెక్క సామాన్ల తయారీదారులు ఉన్నారు. కంపెనీని కదిలించడంలో వారి ఫిర్యాదులు పనిచేశాయి. అంటే సమస్య పరిష్కారం కాలేనిది కాదు. మనుషుల ముఖాల కోసం కదలని విజ్ఞానం, ప్రకటనల్లోని సరుకు కోసం కదిలింది. పాత ఫిల్ము రంగుల ‘వెచ్చదనం’ గురించి మురిసిపోయే రచనలు చదివేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టుకోవాలి. ఆ వెచ్చదనం అందరి ముఖాలకూ సమానంగా అందలేదు.

5.8 బెంగ పక్షాన ఒక మాట

ఇన్ని చెప్పాక, పాత కెమెరా మీది ఇష్టం అర్థం లేనిదని తేల్చవచ్చునా? అలా తేల్చడం తొందరపాటు. రీలులో ఉన్నవి 24 లేదా 36 ఫొటోలే. ప్రతి నొక్కుకూ ఖర్చుంది. ఫొటో ఎలా వచ్చిందో కడిగించేదాకా తెలియదు. ఈ పరిమితి చూపుకు ఒక శ్రద్ధ నేర్పింది. ఆ శ్రద్ధను తిరిగి కోరుకోవడం తప్పు కాదు. అయితే ఆ పరిమితి డబ్బున్నవారికి క్రమశిక్షణ, లేనివారికి అడ్డుగోడ అన్నది కూడా గుర్తుండాలి.

మంచి సేకరణకర్త చేతిలో ఈ బెంగే పరిశోధనగా మారుతుంది. టవర్ 26ను విప్పి చూసి అది అసాహి వారి పని అని గుర్తించేది అటువంటివారే. బోయిమ్ చెప్పిన రెండో రకం ఇది. దీనికి చరిత్రే ఒక చక్కని ముగింపు ఇచ్చింది. ఒకనాడు సియర్స్ పేరు వెనుక ఉండిపోయిన రీకో, 2011లో పెంటాక్స్ కెమెరాల వ్యాపారాన్ని సొంతం చేసుకుంది. 2024లో ఆ సంస్థ ‘పెంటాక్స్ 17’ అనే కొత్త ఫిల్ము కెమెరాను తెచ్చింది. పునరుద్ధరణ కోరే బెంగ అందులో పాత రోజులు తిరిగి వచ్చాయని చూస్తుంది. ఆలోచించే బెంగ, తయారుచేసినవారి పేరు ఈసారి కెమెరా మీదే ఉండడాన్ని గమనిస్తుంది.

5.9 సారాంశం

నాస్టాల్జియా ఇంటి బెంగగా మొదలై, కాలం మీది బెంగగా మారింది. మెయిల్ ఆర్డర్ కేటలాగు తపాలా వ్యవస్థ ఆసరాతో కెమెరాను మారుమూల ఇళ్లకు చేర్చింది. కాని దాని పుట కెమెరాను ఒంటరిగా చూపింది. జపాను తయారీదారుల పేరు, దుకాణంలో అవమానాన్ని తప్పించుకోవడానికి కేటలాగును ఆశ్రయించిన నల్లజాతి కొనుగోలుదారులు, ఫిల్ము సరిగా పట్టని ముఖాలు ఆ పుటకు బయటే ఉండిపోయాయి. పాత కెమెరాను ప్రేమించడం మానుకోనక్కర లేదు. ప్రేమించేటప్పుడు, దానిని ఎవరు చేశారు, ఎవరు కొన్నారు, అది ఎవరిని సరిగా చూడలేకపోయింది అనే మూడు ప్రశ్నలు వేసుకుంటే, ఆ జ్ఞాపకం మరింత నిజాయితీగా ఉంటుంది.

5.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మెయిల్ ఆర్డర్ కేటలాగు పుట చూపేది ఏమిటో, చూపనిది ఏమిటో విమర్శనాత్మకంగా చర్చించండి.
2. ‘కేటలాగు రంగు అడగలేదు, కాని ఫిల్ము అడిగింది.’ ఈ వాక్యాన్ని సమర్థిస్తూ గాని, ఖండిస్తూ గాని వ్యాసం రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ‘టవర్’ కెమెరాల తయారీ గురించి రాయండి.
2. మీ ఇంట్లో దాచుకున్న ఒక పాత వస్తువును తీసుకుని, పై మూడు ప్రశ్నలను దానికి అన్వయించండి.