నడిమి భాష: ఒక చెహోవ్ కథయందలి సంబోధనము

అన్యదేశ రచయితలలో మీకు మిక్కిలి ప్రియమైన వారెవరని తెలుగు ఉపాధ్యాయులను గాని, పరిశోధక విద్యార్థులను గాని అడిగినచో వెంటనే వినవచ్చు పేర్లు కొన్ని కలవు. టాల్‌స్టాయ్, మొపాసా, గోర్కీ, చెహోవ్ అనునవి వానిలో తఱచు వినబడునవి. వీరిలో ఏ ఒక్కరును ఆంగ్లమున వ్రాసినవారు కారు. అయినను మనలో పెక్కుమందిమి వీరిని ఆంగ్లముననే చదివితిమి. లేదా ఆంగ్లమును ఆధారముగా గొని వెలువడిన తెలుగు అనువాదములందు చదివితిమి. మూలమునకును మనకును నడుమ ఒక భాష నిలిచియున్నది. ఆ నడిమి భాష మనకు తెచ్చి యిచ్చినదేమి, దారిలో జారవిడిచినదేమి అను విచారణ జరుగవలసినంతగా జరుగలేదు. ఒక్క కథను ఆధారముగా గొని ఆ విచారణకు ఇచట పూనుకొనుచున్నాము.

నడిమి భాషను నిందించుట మా యుద్దేశము కాదని ముందుగా మనవి చేయుచున్నాము. కాన్‌స్టన్స్ గార్నెట్ (1861-1946) అను విదుషీమణి రష్యన్ నుండి దాదాపు 70 సంపుటములను ఆంగ్లీకరించినది. చెహోవ్ కథలను ఆమె 1916 మొదలు 1922 వఱకు 13 సంపుటములుగా వెలువరించినది. ఆ సంపుటములు లేనిచో మా వంటివారికి యౌవనమున చెహోవ్ పరిచయమే కలిగియుండెడిది కాదు. ఆ ఋణమును అంగీకరించియే ఈ క్రింది మాటలు వ్రాయుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఎం.ఏ. విద్యార్థులకు తులనాత్మక సాహిత్యమును బోధించుచు, చెహోవ్ 1899లో ప్రకటించిన 'కుక్కతోడి మహిళ' అను కథను ఆంగ్లమునుండి తెనిగించి తెండని చెప్పితిమి. ఒక విద్యార్థిని తన ప్రతిని తెచ్చి, "ఈమె అతనిని 'మీరు' అనవలెనా, 'నువ్వు' అనవలెనా?" అని అడిగినది. మేము తడవుకొనక, "ఆమె 'మీరు' అనును, అతడు 'నువ్వు' అనును, మొదటినుండి తుదివఱకు అట్లే యుంచుము" అని చెప్పితిమి. ఆ సమాధానము తప్పు. ఎంత తప్పో తెలియుటకు మాకు రెండేండ్లు పట్టినది. రష్యన్ లిపి నేర్చి, నిఘంటువు చేతబట్టి, ఆ భాష నెఱిగిన మిత్రుని ప్రక్కన గూర్చుండబెట్టుకొని ఆ కథను మాటమాటగా చదివిన పిమ్మట గాని అది మాకు గోచరింపలేదు.

కథ సుపరిచితమే. మాస్కో నగరవాసియైన గూరొవ్ వివాహితుడు, నలుబదికి చేరువైనవాడు. స్త్రీలను చులకనగా చూచుట అతనికి అలవాటు. సముద్రతీరమందలి యాల్టాలో, తెల్లని చిన్న కుక్కతో ఒంటరిగా తిరుగు అన్నా సెర్గేయెవ్నాతో అతనికి పరిచయమగును. ఆమెయును వివాహితయే. ఆ పరిచయము ప్రణయమగును, ఇరువురును విడిపోవుదురు. మఱచిపోగలనని తలచిన గూరొవ్ మఱవలేకపోవును. ఆమె యుండు ఊరికి పోయి నాటకశాలలో ఆమెను కలిసికొనును. అటుపిమ్మట ఆమెయే రెండు మూడు నెలలకొకమాఱు మాస్కోకు వచ్చి, ఒక హోటలు గదిలో అతనిని రహస్యముగా కలిసికొనుచుండును. వారి కష్టము తీఱక మునుపే కథ ముగియును.

రష్యన్ భాషయందు మనకు వలెనే మధ్యమపురుషమున రెండు విధములైన సంబోధనలు కలవు. ఒకటి ఏకవచనము, సన్నిహితులకు చెల్లునది. రెండవది బహువచనము, గౌరవముగాను దూరముగాను పలుకునది. చెహోవ్ ఈ రెంటితో కథను నడపిన తీరును గమనింపుడు. యాల్టాలోని గదిలో, జరిగిన దానికి పశ్చాత్తాపము పొందిన అన్నా, తన్నిక గౌరవింపనివారిలో మొదటివారు గూరొవే యగుదురని 'మీరు' అను సంబోధనతో పలుకును. నీయెడ గౌరవ మేల తగ్గునని గూరొవ్ ప్రత్యుత్తరమిచ్చును. ఇచ్చుట 'నువ్వు' అను సంబోధనతో! గౌరవము తగ్గదని చెప్పు వాక్యమందే గౌరవవాచకము తొలగిపోయినది. అతని దృష్టిలో అది సాన్నిహిత్యమే కావచ్చును. కాని ఆమె ఆ సాన్నిహిత్యమును స్వీకరింపదు. యాల్టాలో నున్నన్నాళ్లు, రైలుకడ వీడ్కోలు చెప్పునప్పుడు సైతము, ఆమె 'మీరు' అనియే పలుకును. ఒకే ప్రణయమందు ఇరువురును వేఱువేఱు మెట్లపై నిలిచియున్నారు.

నాటకశాలలోని ఘట్టమున ఇది మాఱినది. మెట్లదారిలో ఆమెను నిలిపి బ్రతిమాలుచున్న గూరొవ్ ఇప్పుడు 'మీరు' అనుచున్నాడు. యాల్టాలో తీసివేసిన గౌరవమును అచట తిరిగి చెల్లించుచున్నాడు. ఆమె అతనిని పేరుతోను, తండ్రి పేరునుండి ఏర్పడిన నామముతోను కలిపి పిలుచును. అది ఇంచుమించు మన 'గారు' వంటిది. ఇరువురును భయముతో, మర్యాదతో, సమానులై నిలుతురు. తుదకు మాస్కో హోటలు గదిలో, కన్నీటిచే మాట పెగలక, చెప్పెదను కొంచెమాగుమని ఆమె యను చిన్న మాట యొకటి కలదు. ఆ క్రియ ఏకవచనము. అన్నా గూరొవును 'నువ్వు' అన్నది! రచయిత దానిని వ్యాఖ్యానింపడు. ఒక్క క్రియారూపమున నుంచి సాగిపోవును. ఆమె ఎప్పుడు అతనిని తనవానిగా చేసికొన్నదో మనకు చూపలేదు. చేసికొన్నదని మాత్రము వినిపించినాడు.

ఆంగ్లమున ఈ మాఱుటలన్నియు సమసిపోయినవి. నేటి ఆంగ్లమునకు మధ్యమపురుషమున ఒక్కటే సంబోధన. అది గార్నెట్ దోషము కాదు, ఆ భాషాస్వభావము. పైగా ఆమె యాల్టా ఘట్టమున 'గౌరవింపకుండుట' అను భావమునకు బదులు 'ఏవగించుకొనుట' అను అర్థమిచ్చు క్రియను వాడినది. అందుచే మాటకును సంబోధనకును గల వైరుధ్యమును ఊహించుటకైనను ఆధారము లేకపోయినది. విచిత్రమేమనగా, ఆంగ్లము పోగొట్టినది మన భాషకు లేనిది కాదు. రష్యన్ యందున్నది, తెలుగునందున్నది, నడిమి భాషయందు మాత్రము లేదు. రెండు చెఱువుల నడుమ కాలువ పూడిపోయినట్లు, ఇచట నీరున్నది, అచట నీరున్నది, పాఱుటకు త్రోవ లేదు. ఆంగ్లమునుండి అనువదించు తెలుగు రచయితకు ఏదో యొక సంబోధనను వ్రాయక తప్పదు. మూలమందలి ఎఱుక లేనందున మేము విద్యార్థినికి చెప్పినట్లు మన యిండ్లలోని వాడుకను తెచ్చి అచట పెట్టును.

ఇంతటితో సమస్య తీఱినదని మేమును మొదట భ్రమపడితిమి. మూలమును నేరుగా చూచి, 'మీరు' ఉన్నచోట 'మీరు', 'నువ్వు' ఉన్నచోట 'నువ్వు' వ్రాసిన చాలునని తలచితిమి. ఆ విధముగా వ్రాసికొని చదివిచూడగా మఱియొక చిక్కు బయటపడినది. భార్య భర్తను 'మీరు' అనుటయు, భర్త భార్యను 'నువ్వు' అనుటయు మన కుటుంబములలో పెక్కింట అనాదిగా సాగిన వాడుక. కనుక యాల్టా గదిలో అన్నా 'మీరు' అనగా గూరొవ్ 'నువ్వు' అన్నచో తెలుగు పాఠకునకు అందు గాయ మేమియు తోచదు. చక్కని దాంపత్యము వలె తోచును! రష్యన్ పాఠకుని చెవికి ఎగుడుదిగుడుగా వినబడునది మన చెవికి నున్నగా సాగిపోవును. నాటకశాలలో గూరొవ్ 'మీరు' అన్నచో అలిగిన భర్త ఎత్తిపొడుచుచున్నాడని తోపవచ్చును. తుది ఘట్టమున అన్నా 'నువ్వు' అనుట మూలమున మెత్తని మాఱుట. తెలుగున అది తెగువ. శబ్దము సరిపోయినంత మాత్రమున దాని విలువ సరిపోవదని ఇందువలన గ్రహింపవలసియున్నది.

అయినచో అనువాదకు డేమి చేయవలెను? మూలము తెలిసినవానికి మార్గములు లేకపోలేదు. యాల్టాలో గూరొవ్ నోట 'నువ్వు' అను మాటకు ముందు, కథారంభమునుండి అతనిచే 'మీరు' అనిపించి, ఆ మార్పు చెవికి తగులునట్లు చేయవచ్చును. తుది ఘట్టమున సర్వనామమును విడిచి, క్రియావిభక్తితోనే ఏకవచనమును సూచించి, మూలమందలి మెత్తదనమును కొంత నిలుపవచ్చును. ఇవి చిన్న ఉపాయములే. కాని నడిమి భాషను మాత్రమే చూచినవానికి ఇచట ఉపాయము వలయునను సంగతియే తెలియదు. నేరుగా చదువుటవలన కలుగు లాభము పరిష్కారము కాదు, సమస్య యొక్క ఎఱుక.

ఈ దృష్టితో మన అనువాద సంప్రదాయమును చూచిన ఒక విశేషము కనబడును. నన్నయ నాటినుండి తెలుగు కవులు సంస్కృతమునుండి తెచ్చిన దానికి నడిమి భాష లేదు. శ్రీనాథుని శృంగారనైషధమును సంస్కృత పండితు లెగతాళి చేసిరను కథ మనవారెఱుగనిది కాదు. ఆ కథ నిజమైనను కాకున్నను, అట్టి యాక్షేపణ చేయగల, మూలమెఱిగిన పాఠకులు తెలుగునాట నుండిరని అది తెలుపుచున్నది. అనువాదకునికి ఆ పాఠకుడే ధర్మకాటా. ఆధునిక కాలమున చక్రపాణి వంగభాషను నేర్చి శరచ్చంద్రుని నవలలను తెనిగించెను. వంగభాషయందు మధ్యమపురుషమున మూడు అంతరములు గల సంబోధన కలదు. ఆంగ్లము నడుమ నున్నచో ఆ మూడును ఒక్కటియై వచ్చియుండెడివి. ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో నివసించి రష్యన్ గ్రంథములను తెనిగించెను. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిమ్మట మాస్కోనుండి తెలుగు పుస్తకములు వచ్చుట నిలిచిపోయినది. ఆ యుద్యమమునకు వెనుకనున్న రాజకీయమును గూర్చి ఎవరి యభిప్రాయము వారికుండవచ్చును. మూలభాషకును తెలుగునకును నడుమ తెఱచిన ఒక ద్వారము మూతపడినదన్నది మాత్రము నిజము.

పరిశోధకులకు దీనితో నేరుగా సంబంధము కలదు. తెలుగు కథపై చెహోవ్ ప్రభావము, మొపాసా ప్రభావము అను శీర్షికలతో సిద్ధాంతవ్యాసములు వ్రాయుచున్నాము. ఫలానా కథకుడు చదివిన చెహోవ్ ఎవరి యనువాదము? ఆ సంపుటము ఏ సంవత్సరమున వెలువడినది? కథకుడు తన కథను అంతకుముందు వ్రాసెనా, తరువాత వ్రాసెనా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పక ప్రభావమును నిరూపించితిమనుట సాహసము. చెహోవ్ శైలి నిరాడంబరమని మనము మెచ్చుకొనునప్పుడు, ఆ నిరాడంబరత చెహోవుదో, గార్నెట్ ఆంగ్లముదో తేల్చి చెప్పగలమా? పరిశోధకుడు తన యాధారము ఏ భాషలోనిదో, ఎవరి యనువాదమో స్పష్టముగా పేర్కొనుట కనీస ధర్మము. అనువాదకుడు తన పీఠికయందు ఏ ప్రతినుండి తెనిగించెనో చెప్పుట పాఠకునకు తీర్పవలసిన ఋణము.

ప్రతి పాఠకుడును పది భాషలు నేర్వవలెనని మేమనము. అది మాకును సాధ్యము కాలేదు. చెహోవ్ కథలను మేమిప్పటికిని ఆంగ్లముననే చదువుచున్నాము. కాని ప్రియమైన రచయిత యొక్క ప్రియమైన కథను ఒక్కదానినైనను మూలమున చదువుటకు పాటుపడుట అసాధ్యము కాదు. అట్లు చదివిన ఒక్క కథ, చదువలేని తక్కిన వందకథల యెడ మనకు వినయమును నేర్పును.

ఆ విద్యార్థిని చదువు ముగించి వెళ్లి చాలకాలమైనది. ఆమె ప్రతి మా యొద్దనే యున్నది. అందు తుది ఘట్టమున అన్నా మాటకడ 'మీరు' అని వ్రాసి, కొట్టివేసి, 'నువ్వు' అని వ్రాసి, మరల కొట్టివేసి, మా మాటను మన్నించి 'మీరు' అనియే నిలిపినది. రష్యన్ ఒక్క ముక్క యెఱుగని ఆమె చెవి ఆ చోటును పసిగట్టినది. మా పాండిత్యము దానిని దిద్దివేసినది. ఈ వ్యాసమును ఆమెకు చెల్లింపవలసిన సమాధానముగా భావింపవలెనని కోరుచున్నాము.