కార్డు గొప్పదా, కెరటం గొప్పదా?

పూరీ ఒడ్డున మా తాత నోలియా. అంటే సముద్రస్నానానికి దిగిన యాత్రికుల్ని కనిపెట్టుకుని ఉండి, ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈదుకెళ్ళి లాక్కొచ్చే మనిషి. ఇక్కడ ఆ పని చేసేవాళ్ళలో చాలామంది మన తెలుగు మత్స్యకారులే. తాత దగ్గర ఏ సర్టిఫికెట్టూ లేదు. మా అన్నయ్యేమో కిందటేడు స్కూబా డైవింగ్ కోర్సు చేసి ఒక ప్లాస్టిక్ కార్డు తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే వాదన. "కార్డు సూపిత్తే కెరటం ఆగిపోద్దేటి?" అని తాత. "దేనికైనా ట్రైనింగ్ ఉండాలి తాతా" అని అన్నయ్య.

ఈ వేసవి సెలవుల్లో ముగ్గురం కలిసి 'ది రెస్క్యూ' అనే డాక్యుమెంటరీ చూశాం. 2021లో వచ్చింది. ఎలిజబెత్ చాయ్ వసర్‌హెల్యీ, జిమ్మీ చిన్ తీశారు. ఇంగ్లీషు మాటలు తాతకి నేనే తెలుగులో చెప్పాను. మా ఇంటి వాదన కోసమే తీశారా అనిపించింది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2018 జూన్ 23న థాయిలాండ్‌లోని థామ్ లుయాంగ్ గుహలోకి 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ళ కోచ్ వెళ్ళారు. వానకి గుహలోకి నీళ్ళొచ్చి లోపలే చిక్కుకుపోయారు. నేవీ డైవర్లు వచ్చారు. మంచి శిక్షణ, మంచి దేహబలం ఉన్నవాళ్ళు. కానీ వాళ్ళు నేర్చుకున్నది సముద్రంలో. గుహలో అంతా బురదనీళ్ళు, ఇరుకు సందులు. ప్రమాదం వస్తే పైకి తేలదామన్నా నెత్తిమీద రాయే. చివరికి జూలై 2న పిల్లల్ని కనిపెట్టింది ఇద్దరు బ్రిటిష్‌వాళ్ళు. రిక్ స్టాంటన్ రిటైరైన ఫైర్‌మన్. జాన్ వొలాంథెన్‌ది కంప్యూటర్ల ఉద్యోగం. గుహల్లో ఈదడం వాళ్ళకి సరదా, కానీ ఏళ్ళ తరబడి చేస్తున్న సరదా. మొదట్లో వాళ్ళని ఎవరూ నమ్మని రోజులు సినిమాలో బాగా చూపించారు. తాత తొడ చరిచి "సూసినావా!" అన్నాడు.

సినిమా అక్కడే ఆగితే తాత గెలిచినట్టే. కానీ అసలు కష్టం తర్వాతే మొదలైంది. గుహలో చిక్కుకున్న నలుగురు పనివాళ్ళని ఈ ఇద్దరూ అంతకుముందే కొద్దిదూరం నీళ్ళలోంచి బయటికి తెచ్చారు. ఆ కొద్దిదూరానికే ఆ పెద్దవాళ్ళు బెదిరిపోయి పెనుగులాడారు. మరి పిల్లలు? వాళ్ళకి మత్తు ఇచ్చి తేవడం తప్ప దారి లేదనుకున్నారు. అందుకు పిలిచింది ఆస్ట్రేలియా డాక్టరు రిచర్డ్ హారిస్‌ని. ఆయన మత్తు డాక్టరు, గుహల డైవరు కూడా. ఇది కుదరదని మొదట ఆయనే అన్నాడు. చివరికి ఒప్పుకుని, దారిలో మళ్ళీ మత్తు ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో డైవర్లకి నేర్పాడు. జూలై 8 నుంచి 10 లోపల 13 మందీ ప్రాణాలతో బయటికొచ్చారు. డిగ్రీ ఉండి గుహ తెలియని డాక్టరైతే లోపలికే రాలేడు. గుహ తెలిసి మత్తుమందు తెలియనివాళ్ళైతే పిల్లల్ని తేలేరు.

సినిమాలో నాకు నచ్చని సంగతులు రెండున్నాయి. ఒకటి, నేవీవాళ్ళు కొంచెం చిన్నబోయినట్టు కనిపిస్తారు. పిల్లలు దొరికాక చివరిదాకా వాళ్ళతో గుహలోనే ఉన్నది ఒక సైనిక డాక్టరు, ముగ్గురు నేవీ డైవర్లు. గాలి సిలిండర్లు చేరవేస్తూ జూలై 6న ప్రాణం పోగొట్టుకున్న సమన్ గునన్ మాజీ నేవీ డైవరు. వాళ్ళు చేతకానివాళ్ళు కారు, వాళ్ళకి అలవాటైన నీళ్ళు వేరు. ఈ మాట సినిమా ఇంకా గట్టిగా చెప్పాల్సింది. రెండోది, నీళ్ళలోపలి సీన్లు కొన్ని ఆ డైవర్లతోనే తర్వాత మళ్ళీ నటింపజేసి తీసినవి. చూస్తున్నప్పుడు ఏది అసలుదో, ఏది తర్వాత తీసిందో నాకు తెలియలేదు. ఎవర్ని నమ్మాలి అన్న కథ చెప్పేవాళ్ళు ఆ సంగతి ముందే చెబితే బాగుండేది.

మధ్యలో ఒకచోట తాత "గాలి బిగబట్టి పైకి తేలిపోవాల" అన్నాడు. అన్నయ్య వెంటనే సినిమా ఆపేశాడు. "అలా చేస్తే చచ్చిపోతారు తాతా" అని ఇలా చెప్పాడు: 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండర్ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే, ఆ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు పగిలిపోతాయి. తాత గాలి పీల్చుకునేది ఒడ్డునే కాబట్టి ఆయనకా బాధ ఎప్పుడూ లేదు. సముద్రం ఒకటే అయినా సూత్రం వేరు. తాత కాసేపు ఊరుకుని, "ఇది నాకు తెల్దురా" అన్నాడు. సినిమా మొత్తంలోకీ నాకు బాగా గుర్తుండిపోయింది ఆ మాటే.

అన్నయ్య కూడా నిజం ఒప్పుకున్నాడు. ఆ కార్డుకి వాళ్ళు దిగింది నాలుగే నాలుగు సార్లు. 18 మీటర్లు దాటకూడదని కోర్సులోనే చెప్పారు. పూరీ కెరటం గురించి అందులో ఒక్క ముక్క లేదు. అయినా స్నేహితులకి ఇక్కడ ఎలా ఈదాలో సలహాలిస్తున్నాడు!

అసలు కోర్సుల్లోని సూత్రాలు ఎక్కడివి? అమెరికాలో షెక్ ఎక్స్‌లీ అని ఒక లెక్కల మాస్టారు ఉండేవాడు, గొప్ప గుహల డైవరు. గుహల్లో చనిపోయినవాళ్ళ ప్రమాదాలు పరిశీలించి 1979లో ఒక చిన్న పుస్తకం రాశాడు. బయటినుంచి తాడు వేసుకుంటూ వెళ్ళు, మూడోవంతు గాలి అయ్యేసరికి వెనక్కి తిరుగు... ఇలాంటివి అందులో ఉన్నాయి. ఇప్పటికీ గుహ డైవింగ్‌లో ఇవే నేర్పుతారు. అంటే సర్టిఫికెట్ వెనకున్నది కూడా అనుభవమే, మనకంటే ముందు దిగినవాళ్ళది. అంత అనుభవమున్న ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలో చాలా లోతుకి దిగుతూ చనిపోయాడు.

కాబట్టి మిత్రులారా, ఎవరైనా సలహా ఇస్తే "కార్డుందా?" అనీ, "ఎన్నేళ్ళ అనుభవం?" అనీ అడిగి ఊరుకోకండి. "ఏ నీళ్ళలో నేర్చుకున్నారు? మీకు తెలియనిదేంటి?" అని కూడా అడగండి. రెండో ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాళ్ళనే నేను నమ్ముతాను.

ఇప్పుడు అన్నయ్య సముద్రంలోకి దిగేముందు తాతని అడుగుతున్నాడు. తాతేమో ఆ కార్డు తిప్పి తిప్పి చూసి, "ఇందులో ఇంకేటి రాసినారు, సదువు" అంటున్నాడు.

– పదో తరగతి విద్యార్థిని