గండమూ ముప్పూ: మెడ ధమని శస్త్రచికిత్స – తెలుగు వైద్యవచనంలో ‘సురక్షితం’ అనే మాట

కీలకపదాలు: వైద్యవచనం, పదసృష్టి, గండం, ముప్పు, కెరోటిడ్ ధమని, పక్షవాతం.

1. ఉపోద్ఘాతం
మెదడుకు రక్తాన్ని చేరవేసే కెరోటిడ్ ధమనులు మెడకు ఇరుపక్కలా ఉంటాయి. వాటి లోపలి గోడలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైతే పక్షవాతం రావచ్చు. ఆ పూడికను తొలగించే శస్త్రచికిత్స ఎండార్టెరెక్టమీ. వయోభారం, తీవ్రమైన గుండెజబ్బు ఉన్న ‘హైరిస్క్’ రోగులకూ ఇది ‘సురక్షితమే’ అని తెలుగులో రాసినప్పుడు, దేనితో పోల్చి అన్నారో పాఠకునికి తెలియాలి. పోలిక లేని ఆ వాక్యం ఎందుకు అసంపూర్ణమో వివరించడం ఈ వ్యాసోద్దేశం.

2. పదవివేచన
‘రిస్క్’ అన్నచోట మనం తరచుగా ‘ప్రమాదం’ అంటున్నాం. జరిగిన దుర్ఘటనా ప్రమాదమే, జరగగల అవకాశమూ ప్రమాదమే. వ్యవహారభాషలో ఇంతకంటే సూక్ష్మమైన విభజన ఉంది. ‘గండం’ ఒకసారి వచ్చి గడిచేది; ‘ముప్పు’ పొంచి ఉండేది. శస్త్రచికిత్స జరిగిన 30 రోజులలోపు సంభవించగల పక్షవాతం, మరణం గండం. పూడికను వదిలేస్తే ఏళ్ల తరబడి వెంటాడేది ముప్పు. ముప్పు తగ్గడం కోసం గండానికి సిద్ధపడటమే ఈ చికిత్స.

నూజివీడు మామిడి రైతుకు ఈ లెక్క కొత్త కాదు. పూత మీదే తోటను గుత్తకిచ్చే రైతు, వేసవి ఈదురుగాలికి వెరచి రాబడిలో కొంత ముందే వదులుకుంటాడు. ఎంత వదులుకుంటే ఎంత నష్టం తప్పుతుందన్నదే అతని ప్రశ్న. రోగి అడగవలసిందీ అదే.

3. పరిశోధనల సాక్ష్యం
1991లో వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధన ‘నాస్సెట్’ ప్రకారం, లక్షణాలు కనబడి ధమని 70–99 శాతం ఇరుకైనవారిలో రెండేళ్లలో అదే వైపు పక్షవాతం మందులతో 26 శాతం, శస్త్రచికిత్సతో 9 శాతం. అయితే 80 ఏళ్లు నిండినవారిని, కీలక అవయవాలు విఫలమైనవారిని అందులో చేర్చుకోలేదు. కనుక ఆ ఫలితాన్ని హైరిస్క్ రోగికి నేరుగా అన్వయించలేం.

హైరిస్క్ రోగులపైనే జరిగిన ‘సఫైర్’ (2004) 334 మందిలో స్టెంట్‌నూ శస్త్రచికిత్సనూ పోల్చింది. తొలి 30 రోజుల్లో మరణం, పక్షవాతం, గుండెపోటు, ఆపై ఏడాదిలోపు మరణం, అదే వైపు పక్షవాతం అన్నీ కలిపి స్టెంట్‌తో 12.2 శాతం, శస్త్రచికిత్సతో 20.1 శాతం. వీరిలో ఎక్కువమందికి లక్షణాలే లేవు. మందులు మాత్రమే ఇచ్చిన మూడో వర్గమూ లేదు. రెండు గండాలలో ఏది చిన్నదో ఈ పరిశోధన పరీక్షించింది. అసలు గండానికి సిద్ధపడాలా అన్న ప్రశ్న దాని పరిధిలోకి రాలేదు. లక్షణాలు లేనివారిలో 30 రోజుల పక్షవాతం, మరణం కలిపి 3 శాతం, ఉన్నవారిలో 6 శాతం మించరాదన్న హద్దు వైద్యమార్గదర్శకాల్లో ఉంది.

4. ఉపసంహారం
‘సురక్షితం’ అని రాసే ప్రతి తెలుగు వాక్యమూ గండమెంత, తప్పే ముప్పెంత, మందులతోనే ఉంటే ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబివ్వాలి. ఎనభై దాటిన మనిషి అంగీకారపత్రంపై సంతకం చేసేది ఆ వాక్యాన్ని నమ్మే. అందుకు కావలసిన మాటలు మన భాషలో ఉన్నాయి. వాటిని వైద్యవచనంలోకి తేవడం తెలుగు పరిశోధకుల బాధ్యత.