తత్సమములును ద్విభాషి మనఃకోశమును

రెండు భాష లెఱిఁగినవాఁడు వాని పదములను మనమున నెట్లు నిలుపుకొనును? ఆ భాషలకు వేఱువేఱు కోశములు గలవా, లేక యొక్కటియేనా? ఈ ప్రశ్నమునుగూర్చి పాశ్చాత్యులు డెబ్బదియేండ్లకుఁ బైఁగా విస్తారముగా వ్రాసియున్నారు. వారి సిద్ధాంతములలో ముఖ్యములైనవానిని గైకొని, హిందీ నేర్చు తెలుఁగు విద్యార్థి విషయమున నవి యెంతవఱకు నిలుచునో పరిశీలించుట యిచ్చట నుద్దేశము. తత్సమములు పుష్కలముగాఁ గల మనకు హిందీ మిక్కిలి సులభమను మాట పాఠశాలలయందుఁ దఱచు వినఁబడుచుండును. ఆ మాటలోని నిజ మెంతయో దీనివలనఁ గొంత తేలఁగలదు.

భాషాసంపర్కమునుగూర్చి యూరియల్ వైన్‌రైక్ 1953లోఁ బ్రకటించిన గ్రంథమున ద్విభాషి పదసంబంధము మూఁడు తెఱఁగులని చెప్పఁబడినది. ఆంగ్లమున 'బుక్', రష్యన్ భాషలో 'క్నీగ' యను మాటలు తీసికొందము. రెండు రూపములకు రెండర్థములు విడిగా నుండుట యొకటి. రెండు రూపములు నొక యర్థమునే చేరుట రెండవది. క్రొత్తభాషలోని రూపము మాతృభాషలోని రూపముద్వారమున మాత్రమే యర్థమును జేరుట మూఁడవది. విభాగము చక్కనిది. కాని మూఁటియందును రూపములు రెండుగానే యున్నవి. రూప మొక్కటియై యర్థములు రెండైనచో నేమగునను శంకకు నీ చిత్రమున స్థానము గానరాదు. మనకుఁ గావలసిన దదియే.

తెలుఁగున శిక్ష యన దండనము, హిందీలో విద్య. కాఁబట్టి ప్రభుత్వము 'శిక్షా'పై ధనము వెచ్చించుచున్నదను హిందీవాక్యము చదివి మన బాలుఁడు కారాగారములను దలఁచినచో వానిని నవ్వరాదు. ఉపన్యాసము మనకు సభలో వినునది, వారికి నవల. వ్యవసాయము మనకు సేద్యము, వారికి వృత్తి లేక వ్యాపారము. ఉద్యోగము మనకుఁ గొలువు, వారికిఁ బరిశ్రమ. రాష్ట్రము మనకు దేశమున నొక భాగము, వారికి దేశమే. చరిత్ర మనకుఁ బూర్వవృత్తాంతము, వారి 'చరిత్ర్' నడవడి. ఆలోచన మనకుఁ దలపు, వారి 'ఆలోచనా' విమర్శ. అనఁగా నిట్టి వ్యాసమునే వారు 'ఆలోచనా' యందురు.

వీనిలోఁ గొన్ని సందర్భముచేతనే బయటపడును. అట్లు బయటపడనివే ప్రమాదకరములు. 'ముఝే అవకాశ్ చాహియే' యని యొక గుమాస్తా యడిగినాఁడనుకొందము. అతఁ డడిగినది సెలవు. తెలుఁగువాఁడు గ్రహించునది తరుణము. రెండర్థములును వాక్యమునకుఁ బొసఁగుచున్నవి. తెలియని మాటకడ విద్యార్థి యాఁగి నిఘంటువు దెఱచును. తెలిసినట్లు తోఁచిన మాటకడ నాఁగఁడు.

ఇఁక రెండవ సిద్ధాంతము. జుడిత్ క్రోల్, ఎరికా స్టూవర్ట్ అనువారు 1994లో డచ్చి, ఆంగ్లభాషలు రెండును బాగుగ నెఱిఁగినవారిని బరీక్షించిరి. పదములను జాతివారీగాఁ గూర్చి యిచ్చినప్పుడు మాతృభాషనుండి యన్యభాషలోనికిఁ దర్జుమా మందగించెను. అన్యభాషనుండి మాతృభాషలోనికిఁ జేయునప్పుడు మందగింపలేదు. కావున నీ రెండవత్రోవ యర్థముతోఁ బనిలేక మాటనుండి మాటకే పోవునని వారు నిర్ణయించిరి. ఇది సర్వసమ్మతము గాలేదు. పై త్రోవయందును నర్థప్రభావము గలదని చూపినవారున్నారు. ఈ సిద్ధాంతమును విడువవలసిన సమయము వచ్చినదా యని బ్రీస్‌బర్ట్, డౌక్ అనువారు 2010లోఁ బ్రశ్నించిరి. అయినను, మాటనుండి మాటకు నేరుగాఁ బోవు త్రోవ యొకటి కలదనుట మన బాలుర విషయమునఁ ద్రోసివేయరానిది. అయితే యొక భేదము. ఆ సిద్ధాంతమున నట్టి త్రోవ నేర్పఱచునది యనువాదాభ్యాసము; ఇచ్చట దాని నెవ్వరును నేర్పలేదు. 'విచార్' అని చెవిఁ బడఁగానే బాలుఁడు తనంతఁ దానే 'ము'వర్ణకముఁ జేర్చి దుఃఖమును దలంచును.

డైక్‌స్ట్రా మొదలగువారు 1998లోఁ జేసిన పరీక్ష లీ పట్టున మిగుల నుపయుక్తములు. 'రూమ్' అని వ్రాయఁబడు మాట కాంగ్లమున గది, డచ్చిలో మీఁగడ యని యర్థము. ఇది యాంగ్లపదమగునా కాదా యని డచ్చివారి నడుగఁగా, జాబితాలో డచ్చిపదములు లేనప్పుడు వారు తడఁబడలేదు. కాదనవలసిన డచ్చిపదములను జేర్చినంతనే మిక్కిలి తడఁబడిరి. రూపమును నర్థమును గలిసిన మాటలను మాత్రము శీఘ్రముగ గుర్తించిరి. వారి లిపి యొక్కటి, మనవి రెండు గదా యని యాక్షేపింపవచ్చును. కాని హీబ్రూ, ఆంగ్లము నెఱిఁగినవారిపై గోలన్ మొదలగువారు 1997లోఁ జేసిన పరీక్షలయందు, లిపులు వేఱైనను, సమానధ్వని గల మాతృభాషాపద మన్యభాషాపదమునకుఁ దక్కినవానికంటె నెక్కువగాఁ దోడ్పడుట కనఁబడినది. కాఁబట్టి 'సూర్య', 'పుస్తక' వంటివానియందుఁ దత్సమము మనకు మేలే చేయును. హిందీ సులభమను మాట యంతవఱకు నిజము.

సంస్కృతపండితునకు 'శిక్షా' చిక్కుపెట్టదు. వేదాంగములలో దాని నతఁ డెఱుఁగును. అనుమానమన నతనికిఁ దర్కమునఁ బ్రమాణము, ఇంట సందేహము. హిందీలోని 'అంచనా' యనునది మూఁడవ యర్థముగా వచ్చి చేరును, అంతియే. ఒక భాషలోని నానార్థములను వేఱుపఱచు సందర్భజ్ఞానమే రెండు భాషల నానార్థములను గూడ వేఱుపఱచుచున్నదని తోఁచుచున్నది. రెండు కోశముల వాదముకంటె నేకకోశవాదమే దీనికి సరిపడును. కాని యీ రక్ష సంస్కృత మెఱుఁగని బాలునికి లేదు.

మన వ్యాకర్తలు పదములను విభజించినది రూపమునుబట్టి. సంస్కృతరూపముతోఁ దుల్యమైనది తత్సమము. అర్థము తుల్యమా కాదా యను విచారణ యా లక్షణమున లేదు. వ్యాకరణమున కది దోషము కాదు. హిందీపాఠముల చివరఁ గఠినపదములకే యర్థములు వ్రాసి, తత్సమములను దెలిసినవిగా నెంచి విడుచుటయే దోషము. 'ఖిడ్‌కీ' యనఁగాఁ గిటికీ యని వ్రాయకున్నను బాలుఁడు తెలిసికొనఁగలఁడు. 'అవకాశ్', 'విచార్', 'అనుమాన్' అనువానికే, ఒక్కొక్కదాని క్రింద హిందీవాక్య మొకటియుఁ దెలుఁగువాక్య మొకటియుఁ జేర్చి, యర్థము వ్రాయవలసియున్నది.