ఓడ యెక్కిన స్త్రీకి వంశవృక్షము

ఇంటిపేరు ఊరిపేరయినచో ఆ యూరే వంశమునకు జన్మస్థానమని మనవారు నిశ్చయింతురు. పల్నాటి సీమలోని నాదెండ్లను జూడుడు. నాదెండ్లలో నున్నవానిని నాదెండ్లవాడని పిలువ నక్కఱలేదు. ఊరు విడిచి వేఱొకచోట కాపురమున్నప్పుడే యా పేరు పుట్టును. స్త్రీ విషయమున నీ పాటి యాధారమును లేదు. పెండ్లితో నామె యింటిపేరు మాఱును.

దక్షిణాఫ్రికాలోని ఆంగ్లేయుల వలసరాజ్యమగు నేటాలునకు తొలుత వెళ్లిన స్త్రీల పూర్వులను వెదకి వంశచరిత్రలు వ్రాయుట శ్లాఘ్యమే. వ్రాయు పద్ధతియే మాకు నచ్చలేదు.

చెన్నపట్టణము విడిచిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16వ తేదీన దర్బను చేరెను. 1911 వఱకు 1,52,000 మందికి పైగా కూలియొడంబడికపై నేటాలు చేరిరి. మూడింట రెండు వంతులు చెన్నపట్టణమున ఓడ యెక్కినవారే. ఓడపట్టీలో మనిషికొక సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపై గుర్తులు వ్రాసిరి. తల్లిపేరునకు గడి లేదు. చరిత్రకారుడు తండ్రిపేరు పట్టుకొని పైకి ప్రాకి, ప్రబంధావతారికలో కృతిపతికి వలె మంత్రులను, దండనాథులను దెచ్చి కూర్చును. నాదెండ్లవారికైతే కొండవీటి నేలిన గోపమంత్రి సిద్ధముగనే యున్నాడు! ఆ వనిత మాత్రము రెండు కొమ్మల నడిమి ముడి యగును.

అంతకంటె ఘోరము, ఒంటరిగా వెళ్లినయామెకు భర్తను గల్పించుట. నూర్గురు పురుషులకు 40 మంది స్త్రీలుండవలెనను నియమము తరువాత వచ్చినది. ఆ లెక్క తీర్చుటకు దళారులు విధవలను, మగడు విడిచినవారిని వెదకిరి. పురుషునికి నెలకు 10 షిల్లింగులు, స్త్రీకి అందు సగము. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము చేయించినది 1881 డిసెంబరు 11న. అప్పటికి ట్రూరో దర్బను చేరి యిరువదియొక్క యేండ్లు. ఇంట రెండవ బ్రదుకు లేని స్త్రీ సముద్రము దాటినచో దాచవలసిన దేమున్నది?

వెదకుటకు దారి లేకపోలేదు. గుంటూరు జిల్లా 1859లో రద్దయి 1904లో మరల నేర్పడెను. నడుమ వెళ్లిన నాదెండ్ల ప్రాంతపు స్త్రీని కృష్ణాజిల్లా క్రింద వెదకవలెను. పల్నాడు జిల్లా యనునది 2022 నాటి పేరు. ఆమె సంఖ్యకు ముందు వెనుకల సంఖ్యలను గూడ చదువవలెను. కూడివచ్చిన యక్కచెల్లెండ్రును, పసిబిడ్డలును, ఊరివారును తఱచుగా నచ్చటనే యుందురు. దేహపు గుర్తుల గడిని మనవారు వదలివేయుదురు. ఆ పట్టీలో నింకెవ్వరి పేరును ఆశ్రయింపక యామెనే తెలుపు గడులలో నదియు నొకటి.