వాగు చూసి బావి తవ్వినవారు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెల్లో బావి తవ్వకం బలంతో పాటు నేల గుర్తులు ఎరగాల్సిన పని. గడ్డపార, సమ్మెట పట్టిన వడ్డెర పనివాళ్లు ఆ గుర్తులను తరతరాలుగా నేర్చుకున్నారు. వాళ్ల పనితనానికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదు.

పాలేరు, మునియేరు తెలంగాణ మెట్టల్లో పుట్టి, దక్షిణానికి దిగి కృష్ణలో కలుస్తాయి. ఎగువన ఖమ్మం వైపు గ్రానైటు, నైసు రాళ్లు. రాయి అంతటా ఒకేలా గట్టిగా ఉన్నచోట వాగులు చెట్టుకొమ్మల్లా చీలతాయి. పగులు తగిలితే నీరు దాని వెంటే మళ్లుతుంది. అందుకే వాగు ఉన్నట్టుండి తిన్నగా సాగినా, ఒక్కసారిగా మలుపు తిరిగినా, కింద పగులుందేమోనని అనుభవమున్న పనివాడు అక్కడ ఆగి చూస్తాడు.

జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది దానికోసమే. 1887లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ పుస్తకానికెక్కించిన ఇక్కడి బౌద్ధ స్తూపపు శిల్పాలూ సున్నపురాతివే. వాననీరు ఈ రాతిని మెల్లగా కరిగించి పగుళ్లను వెడల్పు చేస్తుంది. ఒక బావిలో ఊట పొంగితే, పక్క చేనిలో చుక్క ఉండకపోవచ్చు.

మునియేటి ఇసుకలోనైతే చెలమ తీసినా నీళ్లూరతాయి.

బోరు వేయించే రైతులు భూగర్భ శాస్త్రవేత్తతో పాటు ఊళ్లో మిగిలిన పాత బావి పనివాణ్నీ ఒకసారి చేనికి తీసుకెళ్లాలి.