పాయింట్లకు అందని లెక్క

బదిలీల వేసవి వచ్చిందంటే టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో పాఠాల ఊసుండదు. సీనియారిటీ లిస్టు, ఖాళీలు, వెబ్ ఆప్షన్లు, అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఒకే బడిలో టీచరుకు 8 విద్యా సంవత్సరాలు, హెడ్మాస్టరుకు 5 నిండితే కదలాల్సిందే. అంతకుముందే వెళ్లాలనుకుంటే రిక్వెస్టు పెట్టుకోవచ్చు. సరైన రోడ్డు లేని నాలుగో కేటగిరీ ఊళ్లో చేసినవాళ్లకు బదిలీ పాయింట్లు ఎక్కువ. న్యాయమే. అదీ లేకపోతే ఆ బళ్లకు లెక్కల మాస్టారే దొరకడు.

నా ఆసక్తి మాత్రం రిక్వెస్టు పెట్టనివాళ్ల మీద. చేతిలో పాయింట్లున్నా, టౌనుకు దగ్గర్లో ఖాళీ కనిపిస్తున్నా "ఈసారికి వద్దులెండి" అనేవాళ్లు. ఎందుకని అడిగితే అంకితభావం అని చెప్పరు (అది సెప్టెంబర్ 5న శాలువా కప్పేవాళ్ల మాట). "మా హెచ్ఎం మంచాయనండీ" అంటారు.

అలాంటి ఒకాయన దగ్గర పనిచేశాను. ఎవరైనా సెలవు పెట్టిన రోజు అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరు అటెండరుతో పంపకుండా తానే స్టాఫ్‌రూముకు తెచ్చేవారు. మొదటి ఖాళీ పీరియడ్ ఎదురుగా అప్పటికే తన పేరు రాసుండేది. ఇక ఆ కింద మన పేరు పడితే ఎవరు గొణుగుతారు? ప్రీఫైనల్లో మార్కులు తగ్గితే రివ్యూ మీటింగులో చీవాట్లు తాను తిని వచ్చి, మమ్మల్ని మాత్రం "ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నారు?" అని అడిగేవారు. హాజరు యాపులూ కోడిగుడ్ల లెక్కలూ ఏ బడిలోనైనా తప్పవు. మూల వేతనమూ ఒకటే. ఐదేళ్లు నిండి ఆయన వెళ్లిన తర్వాతి బదిలీల్లో, అంతవరకూ ఆ మాటే ఎత్తని ముగ్గురు రిక్వెస్టు పెట్టారు. ఊరు అదే, బస్సూ అదే.

రిక్వెస్టు పెట్టకపోవడానికి ఇంకో కారణం బ్యాచ్. భిన్నాలు కూడమంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేసే పిల్లాడు ఎనిమిదిలో చేతికొస్తాడు. వాడు పదిలో వర్గ సమీకరణం తనంతట తాను సాధించాలంటే మూడేళ్లూ ఒకరే పట్టుకోవాలి. మధ్యలో మాస్టారు మారితే కొత్తాయన మళ్లీ ఆ భిన్నాల దగ్గరే మొదలుపెట్టాలి. "వీళ్ల పది అయిపోనీ, పెట్టేస్తా" అని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటాం. తీరా వీళ్లు పబ్లిక్ రాసేసరికి ఇంకో ఎనిమిదో తరగతి సగం భిన్నాల్లో ఉంటుంది.